కేక సరే, ఫొటో సంగతి?

రంజాన్ రాత్రి చార్మినార్ దగ్గర తీసిన ఫొటో ఓ కుర్రాడు చూపిస్తే మన తీర్పు ఒక్కటే: 'కేక అన్నా!' గాజుల దుకాణం బల్బులు తెల్లమచ్చలయ్యాయనీ, సెకనులో పదిహేనో వంతు షట్టర్‌కి నడిచే మనిషి దెయ్యంలా సాగాడనీ ఎవరూ అనరు. నిజం చెబితే కుర్రాడు నొచ్చుకుంటాడట! 'ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించు' అంటే నొప్పేముంది? 'చెత్త' అంటే కదా నొప్పి! అదీ 'కేక'లాగే పని ఎగ్గొట్టే మాటే. మసకే కళ అంటారు కొందరు. కావచ్చు, కావాలని చేస్తే. 1933లో రాత్రి పారిస్ ఫొటోలతో పుస్తకం వేసిన బ్రసాయ్, ఎక్స్‌పోజర్‌ని సిగరెట్ కాలే సేపుతో కొలిచేవాడు. మన విమర్శకులకి అగ్గిపుల్ల గీసేంత ఓపికా లేదు. పేపరు చూడకుండా వేసే మార్కులకు పాసైనా ఒకటే, ఫెయిలైనా ఒకటే.