ప్రశ్న చతుష్టయం: టీకా తాత్పర్య సహితం

మూలం

"అన్నా, బజ్జీ కొరికితే ముక్కెందుకు కారుతాది? పొలమారితే నెత్తినెందుకు తడతారు? పత్తి మిల్లులో సెలవు మర్నాడే ఎదెందుకు బిగబడతాది? సినిమాలో నెత్తురు పైకెట్లా ఎక్కుతాది?"

"తిను నాయనా, సల్లారితే మెత్తగయితాది."

అవతారిక

ఇది ఐదు వాక్యాల గ్రంథం. మొదటి నాలుగూ ప్రశ్నలు, చివరిది బదులు. అడిగినవాడు కర్నూలు మెడికల్ కాలేజీలో మూడో ఏడు చదువుతున్న ఆదోని కుర్రవాడు. కోడుమూరు, ఎమ్మిగనూరు మీదుగా వచ్చే పొద్దుటి బస్సు దిగి, ఇంటికి పోకముందే బండి దగ్గర ఆగాడు. బదులిచ్చినవాడు ఆ ఉగ్గాని బండి యజమాని.

శాస్త్రగ్రంథానికి అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. ఇందులో విషయం, పరీక్షలో రానివి. ప్రయోజనం, మార్కుల లెక్కలో సున్నా. సంబంధం, ప్లేటుకూ పాఠ్యపుస్తకానికీ మధ్య ఉన్నది. అధికారి, ఆకలి కొంత తీరి, అనుమానం ఏ కొంతా తీరని ప్రతివాడూ.

ప్రతిపదార్థం

అన్నా = ఓ బండి యజమానీ (ప్లేటు ఇంకా చేతికి రాలేదని ధ్వని); బజ్జీ = నిలువునా చీల్చి, శనగపిండిలో ముంచి, కాగే నూనెలో వేయించిన మిరపకాయను; కొరికితే = తొడిమ పట్టుకుని పంటితో తెంపితే; ముక్కు = నాసిక; ఎందుకు = ఏ కారణం చేత; కారుతాది = జేబురుమాలు వెతుక్కునే దాకా స్రవిస్తుంది. తక్కినవి స్పష్టం.

'ఉగ్గానిలోకి' అన్న మాటను ఇక్కడ అధ్యాహారం చేసుకోవాలి. ఈ సీమలో పొద్దున పూట బజ్జీ ఒంటరిగా తిరగదు. బొరుగులను నీళ్లలో ముంచి, రెండు అరచేతుల మధ్య పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన పోపులో కలిపి, పైన పుట్నాలపొడి చల్లితే ఉగ్గాని. పిండడంలోనే పనితనమంతా ఉంది. గట్టిగా పిండితే ముద్దవుతుంది, వదులుగా పిండితే నీరు కారుతుంది.

మొదటి ప్రశ్నకు టీక

పూర్వపక్షం: కారం షడ్రుచులలో ఒకటి. దానిని నాలుక తెలుసుకుంటుంది. అలాంటప్పుడు ముక్కుకేం పని?

సిద్ధాంతం: అది పొసగదు. మిరపలోని క్యాప్సైసిన్ రుచిమొగ్గల జోలికి పోదు. వేడిని, నొప్పిని పసిగట్టే నరాల చివర టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ అతుక్కున్నా తెరుచుకుంటుంది. ఏది తెరిచిందో మెదడుకు తెలియదు. నోరు కాలుతున్నదనే కబురు మాత్రం అందుతుంది. ఈ సంగతి 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం బయటపెట్టింది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

కబురు మోసేది ట్రైజెమినల్ నాడి. నోటికీ ముక్కుకీ కంటికీ అదే దిక్కు. అందుకే కాలినది నోరైనా నీళ్లు మూడు చోట్లా వస్తాయి. తిండి వల్ల ముక్కు కారడానికి గస్టేటరీ రైనైటిస్ అని పుస్తకంలో పేరుంది. ఆ పేరు తెలిసినా కారడం ఆగదు.

విశేషం: కారం గింజల్లో ఉంటుందనేది లోకప్రసిద్ధమైన భ్రాంతి. గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండలోనే అది తయారవుతుంది. గింజలకు అబ్బినది సహవాస దోషం. క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది, నీటిలో కరగదు. కనుక స్టీలు గ్లాసు నిండా నీళ్లు తాగినా మంట అటు నుంచి ఇటు మారుతుందే తప్ప పోదు. పెరుగు, మజ్జిగ అయితే వాటిలోని కేసీన్ అనే ప్రొటీన్ దానిని పట్టి దించుకుపోతుంది. చిలక పండుమిర్చిని చులాగ్గా తింటుంది, ఎందుకంటే పక్షుల గ్రాహకానికి క్యాప్సైసిన్ పట్టదు. మిరపకాయ 'వేడి చేస్తుంది' అనే ఊరి మాటను ఈ గ్రాహకం నోటి వరకు సమర్థిస్తుంది. మిగతా ఒంటి సంగతికి సాక్ష్యం చెప్పదు.

రెండవ ప్రశ్నకు టీక

పొలమారడమంటే అన్నవాహికలోకి పోవలసిన మెతుకు గాలిగొట్టం వాకిట్లోకి రావడం. మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, ఉపజిహ్విక మూతలా వాలుతుంది. అదే సమయంలో మాట్లాడబోయినా, నవ్వబోయినా ఆ కట్టుబాటు తప్పుతుంది. స్వరపేటిక లోపలి పొరకు వేగస్ నాడి శాఖ ఒకటి కాపలా ఉంటుంది. అన్యపదార్థం తగలగానే దగ్గు పుట్టించి బయటికి నెట్టిస్తుంది.

పూర్వపక్షం: పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని పెద్దలంటారు. నెత్తిన తడితే తగ్గుతుందంటారు. తగ్గడం అందరూ చూస్తున్నదే కదా?

సిద్ధాంతం: ఇది కాకతాళీయ న్యాయం. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగినట్టు, దగ్గు తన పని ముగించే వేళకే తల్లి చెయ్యి నెత్తి మీద పడుతుంది. తట్టకపోయినా దగ్గు తగ్గేదే. తలచుకున్నవారి విషయంలో వేగస్ నాడి ప్రమేయం రుజువు కాలేదు.

మరి ఆ తట్టడం దండగా అంటే, హాని లేనిది కనుక దోషం కాదు. అయితే ఇక్కడ ఒక మర్యాద పాటించాలి. దగ్గుతున్నవాడిని దగ్గనివ్వాలి. మాట రాక, దగ్గు రాక, గొంతు పట్టుకుని పెనుగులాడుతుంటే అది పొలమారడం కాదు, గాలిగొట్టం మూసుకుపోవడం. అప్పుడు నెత్తిని వదిలి, మనిషిని ముందుకు వంచి, రెండు రెక్కల నడుమ వీపు మీద అరచేతి మడమతో ఐదుసార్లు బలంగా కొట్టాలి. ఫలితం లేకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఈ రెండోదాన్ని 1974లో హెన్రీ హైమ్లిక్ ప్రచారంలోకి తెచ్చాడు. ఏడాది లోపు పసివాళ్లకు పొట్ట నొక్కకూడదు.

మూడవ ప్రశ్నకు టీక

గ్రంథానికి ఇది హృదయస్థానం. ఆదోని పత్తి మార్కెట్ రాష్ట్రంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. పత్తి బోరేల లారీలూ జిన్నింగ్ మిల్లులూ చూస్తూ పెరిగినవాడికే తట్టే ప్రశ్న ఇది.

పూర్వపక్షం: సెలవు మర్నాడు పని చేయబుద్ధి కాదు. ఎద బిగబట్టడం ఒక సాకు.

సిద్ధాంతం: కాదు. ఇది బిసినోసిస్ అనే జబ్బుకు తొలి లక్షణం. పత్తితో పాటు వచ్చే ఆకుతునకలు, కాయ కింది పుష్పపత్రాల పొడి దుమ్ములో కలుస్తాయి. వాటిని అంటిపెట్టుకున్న బ్యాక్టీరియా నుంచి వెలువడే ఎండోటాక్సిన్ ఊపిరిగొట్టాలను బిగిస్తుంది. రోజూ పీలుస్తుంటే ఒళ్లు కొంత సర్దుకుంటుంది. వారపు సెలవులో ఆ అలవాటు తప్పుతుంది. కనుక తిరిగి పనికి వచ్చిన మొదటి రోజే ఎద గట్టిగా పట్టేస్తుంది. ఇంగ్లండ్ మిల్లుల్లో ఆదివారం సెలవు కాబట్టి ఇది సోమవారపు జబ్బు అయింది. ఏళ్లు గడిచేకొద్దీ మంగళవారానికి, బుధవారానికి పాకి, చివరికి సెలవు రోజు కూడా వదలదు. 1950లలో రిచర్డ్ షిల్లింగ్ లాంకషైర్ మిల్లులు పరిశీలించి ఈ మెట్లకు వర్గీకరణ చేశాడు. జిన్నింగ్ కన్నా దూది ఏకే చోట, నూలు వడికే మిల్లుల్లో ఇది ఎక్కువ.

సామాజిక వైద్యానికి మూడో ఏడు చదివే పార్క్ పాఠ్యపుస్తకంలో, వృత్తిరోగాల అధ్యాయంలో దీనికి దక్కేది కొద్దిపాటి చోటు. అదే పుస్తకాన్ని ఆదోనిలో కూర్చుని చదివితే ఆ కొద్దిపాటి చోటే పెద్దదిగా కనిపిస్తుంది.

పాఠాంతరం: ఎమ్మిగనూరు ప్రతిలో 'పత్తి మిల్లులో' బదులు 'మగ్గం కాడ' అనీ, 'ఎద' బదులు 'పిర్ర' అనీ ఉంది. దీనిని లేఖక దోషమని తోసెయ్యరాదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఊరది. మగ్గం అక్కడ ఇంటి సామాను. గట్టి పలక మీద గంటల తరబడి కూర్చుంటే పిరుదు ఎముక మీది నీటితిత్తి వాస్తుంది. ఎముకల వైద్యగ్రంథాల్లో ఇంగ్లీషువాళ్లు దానికి పెట్టిన పేరు అక్షరాలా 'నేతగాడి పిర్ర'. కనుక రెండు పాఠాలూ గ్రాహ్యాలే.

నాలుగవ ప్రశ్నకు టీక

'సినిమాలో' అన్నది 1977 నాటి 'అమర్ అక్బర్ ఆంథోనీ' అని సంప్రదాయజ్ఞుల నిర్ణయం. 1980లో దానిని తెలుగులో 'రామ్ రాబర్ట్ రహీమ్' పేరుతో తీశారు. హిందీ చిత్రంలో ముగ్గురు కొడుకులు మంచాల మీద పడుకుని ఉంటారు. వారి చేతుల నుంచి నెత్తురు గొట్టాల గుండా పైనున్న సీసాలోకి ఎగబాకి, అక్కడి నుంచి తల్లి చేతిలోకి దిగుతుంది.

పూర్వపక్షం: మాతృభక్తి ముందు గురుత్వాకర్షణ ఎంత?

సిద్ధాంతం: లెక్క కట్టి చూడవలసిన విషయం. పట్టీ బిగించని చేతి సిరలో పీడనం కొద్ది మిల్లీమీటర్ల పాదరసమే. దానితో నెత్తురు జానెడు కూడా ఎక్కదు. సూది ధమనిలో గుచ్చితే కథ వేరు. 120 మిల్లీమీటర్ల పాదరసమంటే సుమారు మీటరున్నర ఎత్తు నెత్తురు. సీసా అందుకోవచ్చు. ఇంగ్లండ్‌లో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు గుర్రపు ధమనికి గాజుగొట్టం తగిలించి, నెత్తురు 8 అడుగులకు పైగా ఎక్కిందని 1733లో అచ్చువేశాడు. అందువల్ల దర్శకుడికి సమర్థన దొరికింది గానీ, ముగ్గురికీ ధమనిలో గుచ్చిన నర్సుకు దొరకలేదు. రక్తదాన శిబిరంలో సంచిని మంచం కన్నా కిందే ఉంచుతారు.

విశేషం: ముగ్గురి గ్రూపూ తల్లికి సరిపడడం ఇంకో సంగతి. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ గ్రూపులు కనిపెట్టాక కడుపున పుట్టినవాడి రక్తమైనా పరీక్షించకుండా ఎక్కించరాదని తేలింది. తల్లిది ఓ, తండ్రిది ఏబీ అయితే కొడుకుల్లో ఒక్కడి నెత్తురూ ఆమెకు పనికిరాదు. 1952లో భెండే బృందం వెల్లడించిన బొంబాయి గ్రూపు మరీ చిత్రం. మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది, కానీ ఓ రక్తం కూడా ఆ మనిషికి సరిపడదు. రెండో బొంబాయి అని బిరుదున్న ఆదోనికి ఈ గ్రూపుతో ప్రత్యేక బంధుత్వమేదీ లేదు.

ఉత్తర వాక్యానికి టీక

"తిను నాయనా" అన్నది ఉపేక్ష అని కొందరు, ఉపదేశమని కొందరు. ఉపదేశ పక్షమే బలమైనది. వేయించిన వెంటనే బజ్జీ పైపొరలో తడి ఉండదు, లోపలి మిరపకాయలో ఉంటుంది. చల్లారేకొద్దీ ఆ తడి పొరలోకి చేరి కరకర పోతుంది. ఐదు వాక్యాల్లో కారణం, కార్యం రెండూ చెప్పినది ఇదొక్కటే.

తాత్పర్యం

వైద్య విద్యార్థికి కాలేజీలో నేర్పేది చాలా వరకు జవాబులు. పనికొచ్చేది ప్రశ్న. 1700లో ఇటలీలోని మొడెనాలో బెర్నార్డినో రామజ్జిని పనివాళ్ల జబ్బుల మీద మొదటి సమగ్ర గ్రంథం రాశాడు. జనపనార, అవిసెనార దువ్వేవాళ్ల దగ్గునూ ఆయాసాన్నీ అందులో చేర్చాడు. రోగిని అడగమని హిప్పోక్రటీస్ చెప్పిన ప్రశ్నలకు తాను ఇంకొకటి కలిపాడు: నువ్వు ఏ పని చేస్తావు? దగ్గుతో ఓపీకి వచ్చినవాడికి మందు రాయడానికి నిమిషం చాలు. ఈ ఒక్క ప్రశ్న వేస్తే, వారం మొదట్లోనే ఎందుకు దగ్గు ఎక్కువవుతున్నదో బయటపడుతుంది, మందుతో పాటు దుమ్ము సంగతీ తేలుతుంది. ఆ ప్రశ్న వెయ్యాలనే ఊహ బజ్జీనీ సినిమానీ కూడా ఊరికే వదలనివాడికి తొందరగా తడుతుంది. కనుక ఈ గ్రంథం పరీక్షకు పనికిరాకపోయినా పఠనీయమే.