జింకల మేలు కోరి కొట్టేసిన అడవి

కొట్టేసిన అడవిలో జింకల వేట అమెరికా వాయవ్య తీరంలో బాగా వేళ్లూనుకున్న ఆచారం. ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో కాస్కేడ్ పర్వతాలకు పడమటి వైపున్న కొండలు దీనికి పుట్టినిల్లు. ఇందులో భాగస్వాములు ముగ్గురు: చెట్లు నరికే కలప కంపెనీ, తుపాకీ పట్టిన వేటగాడు, నల్లతోక జింక. ఈ ఏర్పాటంతా మూడో భాగస్వామి మేలు కోసమేనని మొదటి ఇద్దరూ ఏకగ్రీవంగా ప్రకటిస్తారు. మూడోది మేత మీద ఉంటుంది కనుక చర్చలో పాల్గొనదు.

నల్లతోక జింక మ్యూల్ జింకలో ఒక ఉపజాతి. ఒళ్లు చిన్నది, పిరికిది, పొద చాటు వదిలి పగటిపూట బయటికి రావడం బొత్తిగా గిట్టనిది. డగ్లస్ ఫర్, హెమ్లాక్, సీడార్ చెట్లు దట్టంగా అలుముకున్న తడి కొండలు దీని నివాసం. ఇలాంటి చోట, ప్రైవేటు భూమి అయితే, ఒక్క విడతలో 120 ఎకరాల వరకు నున్నగా కొట్టేసుకోవడానికి ఒరెగాన్ చట్టం ఒప్పుకుంటుంది. ప్రత్యేక అనుమతి ఉంటే అంతకు మించి కూడా కొట్టుకోవచ్చు. 1971లో వచ్చిన ఆ రాష్ట్రపు అటవీ పద్ధతుల చట్టం అమెరికాలో ఆ తరహా చట్టాల్లో మొట్టమొదటిది. నరికిన జాగా 25 ఎకరాలు దాటితే వన్యప్రాణుల కోసం ఎకరానికి రెండు చెట్లు, రెండు పడిపోయిన దుంగలు వదిలిపెట్టాలన్న నియమం తర్వాత దానిలో చేరింది. ఎకరానికి రెండు చెట్లంటే చిన్న సంగతి కాదు. నీడ కోసం వెతికే జింకకు ఏ చెట్టు కిందికి పోవాలన్న తికమక ఉండదు. పైగా ఆ రెండింటిలో ఎండు మోడులను కూడా లెక్కలో వేసుకోవచ్చు.

చెట్లు పోయాక నేలకు ఎండ తగులుతుంది. రెండో ఏటికల్లా ఫైర్‌వీడ్, పాకే బ్లాక్‌బెర్రీ తీగ, సలాల్ పొదలు, హకల్‌బెర్రీ, రకరకాల లేత మొక్కలు ఎగబడి మొలుస్తాయి. జింక వాసన పట్టి వస్తుంది. ఇది నిజం, ఎవరూ కాదనరు. కలప కంపెనీల ప్రచారంలోకీ, వేటగాళ్ల కబుర్లలోకీ ఎక్కిన ఏకైక నిజం కూడా ఇదే కావడం వల్ల దీనికి విపరీతంగా పని పడింది.

వేట పద్ధతి చాలా సులువు. దుంగలను లారీలకు ఎక్కించడానికి కొండ మీద చదును చేసి వదిలిన జాగా ఒకటి ప్రతి నరికివేతలోనూ ఉంటుంది. పికప్ బండి నేరుగా అక్కడికి వెళుతుంది. తెల్లవారుజామున పొగమంచులో బండి ఆగుతుంది, హీటర్ ఆగదు. ఫ్లాస్కులోంచి కాఫీ మూతలోకి ఒంపుకుని, వైపర్ ఒకసారి వేసి, అద్దంలోంచే బైనాక్యులర్ పెట్టి ఎదుటి వాలును అంగుళం అంగుళం గాలిస్తారు. వాలు నిండా కాలి నల్లబడిన మొదళ్లు, వానకు తడిసి గోధుమరంగు తిరిగిన కొమ్మల కుప్పలు. తడిసిన మొద్దు తడిసిన జింకలాగే ఉంటుంది, అందులోనూ పక్కనున్న ఎండుకొమ్మ రెండు పాయలుగా చీలి ఉంటే. అరగంట సేపు ఊపిరి బిగబట్టి చూసిన పోతు జింక చివరికి చెవి కదపకుండా సీడార్ మొద్దుగానే మిగిలిపోవడం ఈ విద్యలో ప్రతి విద్యార్థీ దాటవలసిన మెట్టు. బండిలోంచి కాల్చడం చట్టవిరుద్ధం కాబట్టి నిజం జింక కనబడినప్పుడు మాత్రం వేటగాడు కిందికి దిగుతాడు. వీరగాథలో కాలినడక భాగం ఇంతే. ఆ తర్వాత మూడు వందల గజాల దూరం నుంచి, దాక్కోవడానికి చెట్టన్నది లేని వాలు మీద, టెలిస్కోపు బిగించిన రైఫిలుతో ఒక శాకాహారిని గురి చూడటం మిగులుతుంది. దీన్ని మనిషికీ మృగానికీ మధ్య ప్రాచీనమైన పోటీ అంటారు.

అందరూ ఇలా చేయరు. వానలో తడుస్తూ, కూలిన దుంగల మీద జారుతూ, దట్టమైన అంచుల్లో గంటల తరబడి అడుగులో అడుగు వేసుకుంటూ జాడ తీసేవాళ్లు ఉన్నారు. నవంబరులో పోతులు ఆడజింకల వెంటపడి ఒళ్లు మరిచే రోజుల కోసం ఏడాదంతా ఎదురుచూసి, చాలాసార్లు ఖాళీ చేతులతో ఇంటికి పోయేది వాళ్లే. కలప కంపెనీ కరపత్రం మీద ఉండవలసిన బొమ్మ వాళ్లది కాదు.

ఈ ఆచారానికి శాస్త్రం కూడా ఉంది. వన్యప్రాణి శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్ 1933లో వెలువరించిన ‘గేమ్ మేనేజ్‌మెంట్’ గ్రంథంలో వేట జంతువులు రెండు రకాల నేలలు కలిసే అంచుల్లో ఎక్కువగా ఉంటాయని వివరించాడు. అంచులు మంచివైతే అంచులు పెంచాలి, అంచులు పెంచాలంటే నరకాలి, కాబట్టి ఎంత నరికితే అంత మేలు. ఇలా మూడు మెట్లలో కంపెనీ పద్దుపుస్తకం పర్యావరణ శాస్త్రంగా అవతారమెత్తింది. అంచు ఉండాలంటే అవతల అడవి కూడా మిగలాలన్న చిన్న షరతు మెట్ల మధ్య ఎక్కడో జారిపోయింది. లియోపోల్డే తర్వాతి రోజుల్లో, తోడేళ్లను తుడిచిపెట్టి జింకల సంఖ్య పెంచుకున్న కొండలు ఎలా బోడులయ్యాయో చూసి తన పాత ఉత్సాహం మీద తానే చింతించాడు. ఆ చింతన 1949లో, ఆయన పోయిన మరుసటి ఏడాది, పుస్తకంగా వచ్చింది. కరపత్రాల వాళ్లకు 1933 నాటి లియోపోల్డే ఇష్టం.

జింకల మీద కంపెనీకున్న ప్రేమ నరికిన మరుసటి రోజు నుంచి ఏమవుతుందో చూడటం ఆసక్తికరం. చట్టప్రకారం రెండేళ్లలో మళ్లీ నాటాలి. నాటేది వరసగా డగ్లస్ ఫర్. లేత ఫర్ చిగుళ్లంటే జింకకు ఇష్టం. అందుకని చాలాచోట్ల ప్రతి మొక్కకూ ప్లాస్టిక్ వల గొట్టం తొడుగుతారు. అంటే ప్రచార విభాగంలో అతిథిగా నమోదైన జంతువే నర్సరీ విభాగంలో చీడగా నమోదై ఉంటుంది. అంతటితో అయిపోలేదు. ఫర్ మొక్కలకు పోటీ రాకుండా హెలికాప్టర్లతో కలుపు మందు చల్లుతారు. ఆ మందుకు శత్రువులు వెడల్పాటి ఆకులున్న పొదలు, లేత మొక్కలు, తీగలు. జింక మేత జాబితాలో ఉన్నవి కూడా సరిగ్గా అవే. విందు ఏర్పాటు చేసి, విస్తరి వేసి, అతిథి కూర్చున్నాక విస్తరి మీద మందు చల్లే మర్యాద మరే నాగరికతలోనూ కానరాదు.

వేటగాడికి దక్కే మర్యాద కూడా తక్కువేమీ కాదు. ఒకప్పుడు ఈ కంపెనీ అడవుల్లోకి ఊరివాళ్లు ఊరికే పోయి వచ్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల గేటు పడింది, గేటుకు తాళం పడింది, తాళానికి ఏడాది పర్మిట్ పడింది. కొన్ని ప్రాంతాల్లో దాని ధర వందల డాలర్లు. జింకల కోసమే అడవి నరికామని కంపెనీ, కంపెనీ నరకడం వల్లే జింకలు ఉన్నాయని వేటగాడు ఒకరినొకరు పొగుడుకుంటూ ఉండగా, రసీదు మాత్రం ఒకవైపు నుంచే పుడుతుంది.

తెలుగు నేల మీద కొండ వాలున నాలుగు కుంచాల జొన్న కోసం పోడు కొట్టిన గిరిజనుడి పేరు అటవీశాఖ కేసుల పుస్తకంలోకి ఎక్కుతుంది. ఒరెగాన్‌లో 120 ఎకరాలు వరసన కొట్టిన సంస్థ పేరు వన్యప్రాణి పోషకుల జాబితాలోకి ఎక్కుతుంది. పోడు కొట్టినవాడు తాను జింకలకు మేత పెంచుతున్నానని చెప్పడం ఇంకా నేర్చుకోలేదు.

ఇక కాలం లెక్క. నరికిన జాగాలో మేత రెండో మూడో ఏట అందుకుని, పదేళ్లు, మహా అయితే పదిహేనేళ్లు ఉంటుంది. తర్వాత ఫర్ కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసి పైకప్పు మూసుకుంటుంది. కింద పట్టపగలే చీకటి. గడ్డి లేదు, పొద లేదు, ఎండిన సూదుల పరుపు తప్ప ఏమీ లేదు. మళ్లీ నరికేది దాదాపు నలభై ఏళ్లకు. కాబట్టి కంపెనీ అన్నసత్రం నలభై ఏళ్లలో పాతికేళ్లు మూసే ఉంటుంది. పొగమంచులో పికప్ ఆగేది తెరిచిన రోజుల్లోనే కనుక మూసిన సత్రం ఫొటోలు ఎవరి దగ్గరా ఉండవు.

ఈ వాదం అలాస్కా ఆగ్నేయానికి చేరేసరికి మరీ పలచబడింది. అక్కడి టోంగస్ జాతీయ అరణ్యంలో 1950ల నుంచి గుజ్జు మిల్లులకు యాభై ఏళ్ల ఒప్పందాల మీద అడవి రాసిచ్చారు. నరికితే జింకలు పెరుగుతాయన్న మాట అక్కడా వినబడింది. కానీ అక్కడి నల్లతోక జింక అయిన సిట్కా జింకకు అసలు గండం చలికాలం. మంచు పడితే బయలు మీది మేతంతా దాని కింద సమాధి అవుతుంది. వందల ఏళ్ల నాటి పెద్దచెట్లు మంచును కొమ్మల్లోనే ఆపి కింద నాలుగు ఆకులు మిగులుస్తాయి. జింక చలికాలం గట్టెక్కేది ఆ చెట్ల కిందే. చార్లెస్ వాల్మో, జాన్ షోన్ అనే పరిశోధకులు 1980లో ఈ సంగతి అచ్చువేశారు. నరికాక పాతిక ముప్పై ఏళ్లకు మూసుకున్న కుర్ర అడవి మళ్లీ జింకకు పనికొచ్చే ముదురు అడవి కావడానికి శతాబ్దానికి పైగా పడుతుంది. ఎండలో విచ్చలవిడిగా పెరిగిన ఆకుల్లో టానిన్లు ఎక్కువనీ, అవి మాంసకృత్తులను పట్టేసి జింకకు అరగనివ్వవనీ తర్వాతి పరిశోధనలు తేల్చాయి. కంటికి పచ్చగా కనబడేదంతా కడుపుకు పట్టదన్నమాట.

నరకడం తగ్గి జింకల మేత తగ్గిందన్న వేటగాళ్ల ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. ముదురు అడవుల్లో బతికే చుక్కల గుడ్లగూబను కాపాడాలన్న వివాదం తర్వాత 1994లో వాయవ్య అటవీ ప్రణాళిక వచ్చి ప్రభుత్వ అడవుల్లో నరికివేత బాగా తగ్గింది. లేత మేత ఉన్న జాగాలూ ఆ మేరకు తగ్గాయి. పూర్వం అలాంటి జాగాలు తెరిచే పనిని కార్చిచ్చులు చేసేవి. అగ్గి పోయిన చోట ఎండుచెట్లు నిలిచే ఉండేవి, పొదలు కలగాపులగంగా పెరిగేవి, ప్లాస్టిక్ గొట్టాలూ మందు హెలికాప్టర్లూ వచ్చేవి కావు. అగ్గిని ఆర్పేసి, పొదలను చంపేసి, జాగా ఖాళీ చేసినందుకు మాత్రం కృతజ్ఞత కోరడం కలప పరిశ్రమ ప్రత్యేకత.

జింకల కోసం నరుకుతున్నారో దుంగల కోసం నరుకుతున్నారో తేల్చడానికి ఒక పరీక్ష దానంతటదే జరిగిపోయింది. 2008లో అమెరికాలో ఇళ్ల మార్కెట్ కుప్పకూలింది. 2009లో ఒరెగాన్‌లో నరికిన కలప 1930ల మహామాంద్యం తర్వాత ఎన్నడూ లేనంత తక్కువ. ఆ ఏడాది జింకల ఆకలేమీ తగ్గలేదు. ఇళ్లు కట్టేవాళ్లు తగ్గారు.