సాంబారు బకెట్

నేను యూజర్ మాన్యువల్స్ రాస్తాను. వాటర్ ప్యూరిఫయర్‌తో పాటు అట్టపెట్టెలో వచ్చి, ఆ పెట్టెతో పాటే అటకెక్కే సాహిత్యం నాది. చదివేవాళ్లు లేరు గనక ఇరవయ్యేళ్లుగా విమర్శా లేదు. పోయినేడు కంపెనీవాళ్లు పుస్తకం బదులు క్యూఆర్ కోడ్ చాలన్నారు. దాంతో నాకు మనుషులతో పని పడింది.

‘‘పరిచయాలు పెంచుకోరా’’ అన్నాడు మావయ్య. ఆయనకేం, చెబుతాడు. గోదావరి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో కదిలేటప్పుడు ఎదురు బెర్తాయన ఎవరో తెలియదు. కాజీపేట వచ్చేసరికి ఆయన ఇంటిపేరు, జీతం, మోకాళ్ల నొప్పి తెలిసిపోతాయి. ఖమ్మంలోపు ఆ మోకాళ్లకు డాక్టర్నీ, ఆయన కూతురికి సంబంధాన్నీ చూసిపెడతాడు. నేను అదే రైల్లో, నా బెర్తు మీద పడుకున్నవాణ్ని లేవమనలేక విశాఖ దాకా నిలబడి వెళ్లినవాణ్ని.

అయినా మాదాపూర్‌లో ఏదో నెట్‌వర్కింగ్ మీట్ అంటే వెళ్లాను. ముప్పై సెకన్లలో మన గురించి మనం చెప్పుకోవాలట. బాత్‌రూమ్‌లో నాలుగు రోజులు సాధన చేశాను. మా ఆవిడ నేను ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నానని తలుపు కొట్టింది. తీరా అక్కడికెళ్లాక సమోసాల బల్ల పక్కన సెటిలయ్యాను. నోరు నిండా సమోసా ఉన్నవాణ్ని ఎవరూ పలకరించరని నా లెక్క. ఒకాయన పలకరించాడు. ‘‘మీరేం చేస్తుంటారు?’’ అంటే, ‘‘సమోసా’’ అన్నాను. ఆయన మర్యాదస్తుడు, తలూపి వెళ్లిపోయాడు. యాభై విజిటింగ్ కార్డులు పట్టుకెళితే ఖర్చయింది ఒక్కటి. అదీ పార్కింగ్ కుర్రాడు టోకెననుకుని తీసుకున్నాడు.

ఆ నెలలోనే మా పిన్ని కూతురి పెళ్లి. వడ్డనకు మనుషులు చాల్లేదని మావయ్య నా చేతిలో సాంబారు బకెట్ పెట్టి పంక్తిలోకి తోశాడు. అప్పుడు తెలిసింది, బకెట్ చేతిలో ఉన్నవాడు మాట వెతుక్కోనక్కర్లేదు. ‘‘ఏవండీ, ఇటు!’’ అని జనమే పిలుస్తారు. మన డైలాగ్ ఒక్కటే: ‘‘ఇంకొంచెం వెయ్యనా?’’ దానికి సాధన కూడా అక్కర్లేదు.

మూడో వరసలో ఒకాయన, విస్తట్లో అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పక్కాయనతో మొత్తుకుంటున్నాడు. ‘‘ఫిల్టర్ మార్చాక ఏం నొక్కాలో పదకొండో పేజీలో చూడమన్నాడండీ. అక్కడ చూస్తే తొమ్మిదో పేజీ చూడమంటాడు. తొమ్మిదికెళ్తే మళ్లీ పదకొండు! రాసినవాడెవడో దొరకాలి గానీ...’’

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పదకొండో పేజీ నాదే. ఇరవయ్యేళ్లకు దొరికిన మొదటి పాఠకుడు! తిట్లన్నీ నిలబడి శ్రద్ధగా విన్నాను. మాట్లాడటం రాదు గానీ వినడంలో నన్ను మించినవాడు లేడు. ఆయన ఊపిరి పీల్చుకున్నాక, ‘‘ఆ రాసింది నేనేనండి. సాంబారు వెయ్యనా?’’ అన్నాను.

ఆయన వ్యవసాయ మోటార్లు తయారుచేస్తాడట. రైతులకు అర్థమయ్యేలా తెలుగులో రాసేవాడి కోసం వెతుకుతున్నాడట. ‘‘తొమ్మిదో పేజీ మాత్రం రాయకండి’’ అన్న షరతు మీద పని ఇచ్చాడు. ఆయన మాకేమవుతాడంటే, పిన్ని తోడికోడలి తమ్ముడికి స్నేహితుడు.

ఇలాంటి చుట్టరికాల మీద అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే పెద్ద వ్యాసం రాశాడు. బోస్టన్ దగ్గర కొత్తగా ఉద్యోగాలు మారినవాళ్లని అడిగాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ పరిచయస్తుణ్ని తరచుగా కలిసేవాళ్లు నూటికి 17 మంది లోపే. మిగతావాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్లే. కారణం తేలిక. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలుసు. మా ఆవిడకు తెలిసిన ఖాళీలు రెండే: గ్యాస్ బండ, వాటర్ టిన్. కొత్త కబురు రావాలంటే కాస్త దూరపువాడే కావాలి. ఇదంతా మావయ్యకు చెబితే, ‘‘పిన్ని తోడికోడలి తమ్ముడి దాకా వెళ్లడానికి అమెరికావాడు చెప్పాలా?’’ అన్నాడు.

వచ్చే నెల మళ్లీ మాదాపూర్‌లో మీట్ ఉందట. ఈసారి నిర్వాహకులకు ముందే ఫోన్ చేసి, గుమ్మం దగ్గర కూర్చుని పేరు బిళ్లలు నేను పంచుతానన్నాను.

‘‘డబ్బులేం ఇవ్వలేం సార్’’ అన్నారు.

‘‘ఒక బకెట్ ఇప్పించండి చాలు’’ అనబోయి ఆగాను.