పసుపు బొట్టూ, లేజర్ ప్రింటరూ

ఏ4 కాగితం అత్తారింట్లో పెట్టింది తిని లేచే అల్లుడు. కవరు అలకపాన్పు ఎక్కిన అల్లుడు. నిలువుగా పెడితే వంకరగా వెళ్తుంది, అడ్డంగా పెడితే లోపలికే రానంటుంది. పక్కనే బల్లార్షాలో కాగితం మిల్లు ఉన్న చంద్రపూర్ వాళ్లమైనా, మా చెల్లి పెళ్లి దాకా ఈ అల్లుడి గుట్టు మాకు తెలియలేదు.

ప్రింటరు ట్రే మీద చిన్న కవరు బొమ్మ ఉంటుంది. మూత ఎటుండాలో, ముఖం ఎటు తిరగాలో అందులో చూపించామని తయారీదారుల నమ్మకం. మా ఇంట్లో నలుగురూ దానికి నాలుగు భాష్యాలు చెప్పారు. పైగా మాది లేజర్ ప్రింటరు. నల్లపొడిని కాగితానికి కరిగించి అంటించడానికి లోపల ఓ రోలరు కాలుతూ ఉంటుంది. అసలే మే నెలలో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. దానికి ఈ వేడి తోడై మూతకున్న జిగురు కరిగిపోయి, శుభలేఖ పెట్టకముందే కవరు నోరు మూసుకుని బయటికొచ్చేది. చివరికి మూత విప్పి పరిచి, ప్రింటరు వెనక తలుపు తెరిచి, ఒక్కొక్కటే పంపితే దారికొచ్చింది.

ఈలోపు నాయనమ్మ మిగిలిన కవర్ల మూలలకు తడిపసుపు పెట్టేసింది. ముందు పసుపు, తర్వాతే రాత అని ఆవిడ శాస్త్రం. ఆ పసుపు రోలరెక్కింది. ఆ వారమంతా కరెంటు బిల్లు ముద్రించినా మంగళకరంగానే వచ్చింది.

ఇక చిరునామాలు. శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారి పుణ్యమా అని 1972 ఆగస్టు 15న దేశానికి ఆరంకెల పిన్‌కోడు వచ్చింది. మొదటి అంకె మహారాష్ట్రలో ఉన్న మాకు 4, తెలంగాణ చుట్టాలకు 5. మొదటి మూడంకెలు చూస్తే ఉత్తరాలు వేరుచేసే జిల్లా, చివరి మూడూ చూస్తే పోస్టాఫీసు తెలిసిపోతాయి. మంచిర్యాల 504208 అని కొట్టి ఊరుకోబోతే బాపు ఒప్పుకోడే!

“పాత సినిమా హాలు ఎనుక సందు, యాపచెట్టు ఇల్లు, మీద కాదు కింద. అది రాయకుంటే ఎట్ల దొరుకుతదిరా?”

కంప్యూటరు ఇచ్చింది నాలుగు గళ్లు. యాపచెట్టు దాకా సరిపోయింది గానీ, “మీద కాదు కింద” కవరు అంచు దాటి ప్రింటరు కడుపులోనే ఉండిపోయింది.

అంతా పోస్టు చేశాక మేనత్త ఫోను. “ఇంటి ఆడబిడ్డకు పిలుపు లేదారా?”

పిలుపు వెళ్లింది. అచ్చులో పేరు చూసి, బ్యాంకోళ్ల నోటీసనుకుని మామయ్య దాన్ని ఫ్రిజ్ మీద పడేశాడట. ఆయన తప్పేం లేదు. మన ఇళ్లకు అచ్చు అక్షరాలతో వచ్చేవన్నీ డబ్బు అడిగే కాగితాలే. చేత్తో రాసిన కవరైతే, గీత ఎంత వంకరైనా, ఎవరో మనవాళ్లు కూర్చుని రాశారని తెలుస్తుంది. వెంటనే విప్పుతారు.

అప్పటినుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. కావలసినవాళ్లకు బాపు చేతిరాత. పిలవక తప్పని, వస్తే తిప్పలు తప్పని చుట్టాలకు ప్రింటరు. పిలవలేదన్న మాట రాదు, కవరు ఫ్రిజ్ దిగదు.

మొన్న మాకూ ఓ గృహప్రవేశం పిలుపు వచ్చింది. చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క వంకర లేకుండా ముద్రించి ఉంది.