ఓడకు పుస్తకం, ఊరికి ఫ్లెక్సీ

సముద్రాన్ని కాపాడే బాధ్యత పత్తికొండకూ ఉందంటే టమోటా మండీలో బాక్సులు దించే మనిషి కూడా నవ్వుతాడు. ‘యాడుందన్నా సముద్రం? ఈడ తాగనీకే నీళ్లు లేవు.’ నిజమే, తీరం ఇక్కడికి రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. ఓడల చెత్తను కట్టడి చేసే మార్పోల్ ఒప్పందం ఐదో అనుబంధం ప్రకారం, ముక్కలు చేయని తిండి వ్యర్థాలను తీరానికి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లు, దాటాకే నీళ్లలో పారబోయాలి. ఆ లెక్కన పత్తికొండ ఎప్పుడో పాసైంది. దిక్కొక్కటే తేడా.

ప్లాస్టిక్ దగ్గరికొస్తే ఆ అనుబంధానికి దయాదాక్షిణ్యాలు లేవు. ఎంత దూరం పోయినా ఓడలోంచి ఒక్క కవరు సముద్రంలో పడకూడదు. పైగా చెత్త రికార్డు పుస్తకం రాయాలి. 2024 మే నుంచి వంద గ్రాస్ టన్నుల ఓడలకు కూడా ఇది వర్తిస్తోంది. ఏ తేదీన, ఏ గంటకు, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర, సుమారు ఎన్ని ఘనపు మీటర్లు వదిలారో రాసి అధికారి సంతకం చేయాలి. నిండిన ప్రతి పేజీ కింద కెప్టెన్ సంతకం. బంగాళాఖాతంలో పోయే ఓడ మీద వంటవాడు పారేసిన ఉల్లిపొట్టుకు అంత మర్యాద!

మా ఊళ్లో ధర పడిన రోజు రోడ్డు మీద పారబోసే టమోటాల జోలికి నేను పోను. అవి మట్టిలో కలుస్తాయి, రైతు కడుపుమంట రైతుది. కానీ క్యారీబ్యాగులు, నీళ్ల ప్యాకెట్లు, మల్చింగ్ షీట్ల పేలికలు వంకల్లో పడి హంద్రీకి చేరతాయి. మద్దికెర పొలాల్లో పుట్టిన ఆ హంద్రీ కర్నూలులో తుంగభద్రను, తుంగభద్ర పోయి కృష్ణను కలుస్తాయి. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో దిగుతుంది. దారిలో శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, అన్నీ చెక్‌పోస్టులే. శ్రీశైలంలోనే ఆగిన చెత్తకు ఇంకో యోగం: మాల్యాల దగ్గర హంద్రీ-నీవా పంపులు ఆ జలాశయం నీళ్లనే ఎత్తి పత్తికొండ రిజర్వాయరు వైపు పంపుతాయి. మనం సాగనంపిన దాంట్లో కొంత కరిగీ చిరిగీ మన గ్లాసులోకే రావచ్చు.

చట్టం రాసిన పెద్దలకు ఈ దారి తెలియక కాదు. మనదేశం 1995లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 207వ అధికరణంలో నదులు, పైపులైన్ల పేర్లు స్పష్టంగా ఉన్నాయి. నేల మీది నుంచి వచ్చే కాలుష్యాన్ని ఆపే చట్టాలు చేసుకోమంది. అంతర్జాతీయ నియమాలు తయారుచేసేటప్పుడు వర్ధమాన దేశాల ఆర్థిక స్తోమతను, అభివృద్ధి అవసరాన్ని కూడా గమనించమంది. ఎంత మర్యాదస్తులో! ఈ నేల కాలుష్యం మీదే అదే 1995లో వాషింగ్టన్‌లో ఒప్పుకున్న కార్యాచరణ ప్రణాళికకైతే ఎవరినీ కట్టిపడేసే శక్తే లేదు. ఓడకు సంతకం, ఊరికి సలహా. ఇక 2025 ఆగస్టులో జెనీవాలో ప్లాస్టిక్ ఒప్పందం కోసం కూర్చున్నవాళ్లు ఏమీ తేల్చకుండానే లేచిపోయారు. తయారీకి పరిమితి వద్దన్నవాళ్లలో మనమూ ఉన్నాం.

మన రాష్ట్రం తక్కువ తినలేదు. 2022 ఆగస్టు 26న విశాఖ బీచ్‌లో వేలమంది చెత్త ఏరారు. ఆ రోజే అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నామని ప్రకటించారు. తర్వాత గడువు జరిగింది, ఫ్లెక్సీ జరగలేదు. 2025 జనవరి నుంచి నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర జరుపుతున్నారు. ప్రభుత్వం మారింది, ఫ్లెక్సీ మీద మొహాలు మారాయి, వెనకున్న ప్లాస్టిక్ అదే. పుట్టినరోజు అయ్యాక అది ఉల్లిగడ్డల కుప్ప మీదికో, గుడిసె కప్పు మీదికో ఎక్కుతుంది. అక్కడ చిరిగాక వంక పడుతుంది.

అందుకే నా మనవి: ఓడకున్నట్టే ఊరికీ ఒక చెత్త పుస్తకం పెట్టండి. తేదీ, గంట, స్థలం రాయడానికి సచివాలయం సిబ్బంది చాలు. సంతకం ఎవరు పెట్టాలన్న తగువే లేదు. ప్రతి ఫ్లెక్సీ మీదా బాధ్యుల పేర్లు, ఫొటోలు, హోదాలతో సహా ముందే అచ్చయి ఉంటాయి. కింద ‘ఇట్లు’ అని పాతికమంది సాక్షులు కూడా.