జాకెట్టు ఘనం... వార్త పలచన!

స్థానిక పత్రికల పని అయిపోయిందని దిగులుపడేవారు ఓసారి ఢిల్లీ పక్కనున్న గ్రేటర్ నోయిడా వెళ్లి రావాలి. పొద్దున్నే పేపరు విప్పితే ముందు బిల్డరే పలకరిస్తాడు. పేజీ నిండా ఈతకొలను, గోల్ఫ్ మైదానం, 'జేవర్ విమానాశ్రయం కూతవేటు దూరం'! మొదటి పేజీని కప్పేసే ఆ ప్రకటనల జాకెట్టు తిప్పితే ఇంకో జాకెట్టు. ఫ్లాటు చేతికి రాక ఏక్‌మూర్తి చౌక్‌లో ధర్నాకు దిగిన వాళ్ల గోడు మాత్రం లోపలెక్కడో, కోచింగ్ సెంటరు ప్రకటన కింద భూతద్దంతో వెతుక్కోవాలి. ఆమ్రపాలి అనే బిల్డరు సంస్థకు డబ్బు కట్టి ఫ్లాట్లు అందని బాధితులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2019లో తీర్పు తెచ్చుకున్నారు. అయినా జాకెట్ల తళుకు తగ్గితేగా!

ఊళ్లో బోరింగు చెడినా వార్తేనని మనకు 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు చూపించాయి. ఇప్పుడు గ్రేటర్ నోయిడాలో లిఫ్టు ఆగినా, నీళ్లు రాకున్నా టవరుకో వాట్సాప్ గ్రూపు క్షణంలో మోగిపోతోంది. విలేకరి అది చూసి వార్త రాస్తాడు. మర్నాడు గ్రూపువాళ్లు ఆ క్లిప్పింగునే ఫొటో తీసి గ్రూపులో పెడతారు. మరి పేపరు కొనేదెవరంటారా? బిల్డరున్నాడుగా... మొదటి పేజీ మొత్తం ఆయనే కొనేస్తాడు!