పండుగ ముందునాటి కొనుగోళ్లపై వ్యంగ్యచిత్రం వేయు విధానం

సంక్రాంతి ప్రత్యేక సంచికలలో అచ్చయ్యే వ్యంగ్యచిత్రాలకు, అంటే నాలుగు గీతలతోనూ ఒక్క వాక్యంతోనూ లోకరీతిని ఎగతాళి చేసే బొమ్మలకు, భోగి ముందురోజు బజారుకు పరుగెత్తే సంసారిని మించిన ఇతివృత్తం ఇంతవరకు దొరకలేదు. వెదికిన దాఖలాలు కూడా పెద్దగా లేవు. ఈ విద్యను అభ్యసించదలచిన వారి సౌకర్యార్థం కొన్ని సూత్రాలను ఇక్కడ వివరించడం జరిగింది.

అన్నిటికంటే ముందు, భర్త నడుము వంగేలా సంచులు మోయాలి, భార్య ఇంకొక దుకాణం వైపు వేలు చూపాలి. ఈ బొమ్మను తాతల నాటి సంచికలోంచి ఎత్తి వేసినా పట్టుకొనేవారు ఉండరు; గుడ్డసంచి స్థానంలో ప్లాస్టిక్ సంచి వేస్తే ఆధునికత కూడా సమకూరుతుంది.

విజయవాడ బీసెంట్ రోడ్డునో సికింద్రాబాద్ జనరల్ బజారునో చూపవలసి వచ్చినప్పుడు ముందువరుసలో ముగ్గురికి ముఖాలు దిద్ది, వెనుకంతా అరసున్నలు పరిస్తే జనసమ్మర్దం సిద్ధమవుతుంది. తక్కువ గీతలతో ఎక్కువ చెప్పిన బాపు (1933–2014) పేరును ఈ సందర్భంలో తలచుకోవడం ఆచారం. ఆయన గీతలు తగ్గించింది చేయి తిరిగినందువల్ల, మిగిలినవారు తగ్గించేది గడువు ముంచుకొచ్చినందువల్ల అన్న తేడాను పాఠకుడు గమనించడని ఆశించాలి.

రేగుపళ్ల ధర బొమ్మలో వేయరాదు. సంచిక వెలువడేలోగా అది పెరుగుతుంది.

దర్జీ విషయంలో మాత్రం కొంత విస్తరించక తప్పదు. సంప్రదాయానుసారం అతని మెడలో టేపు, చెవిపైన పెన్సిలు, నోట "కాజాలొక్కటే మిగిలాయండి" అన్న మాట ఉండాలి. కాజా అనగా బొత్తాము దూరే రంధ్రం చుట్టూ వేసే కుట్టు. ఆ మాట వెలువడే నాటికి గుడ్డకు కత్తెరైనా తగిలి ఉండదన్నదే ఇందులోని హాస్యం. అయితే ఈ హాస్యాన్ని కొంతదూరం వెంబడించిన చిత్రకారునికి ఇబ్బంది ఎదురవుతుంది. దర్జీ అందరి గుడ్డలూ ఒప్పుకొనేది పండుగలూ పెళ్లిళ్లూ తప్ప అతనికి వేరే గిరాకీ అంతగా లేనందువల్ల. గుడ్డ ఆలస్యంగా వచ్చేది డబ్బు ఆలస్యంగా వచ్చినందువల్ల. కృష్ణా, గోదావరి డెల్టాలలో సార్వా వరి నవంబరు, డిసెంబరులలో కోతకు వస్తే, నూర్చి, అమ్మి, పాత బాకీలు తీర్చిన తరువాత మిగిలినది చేతికందేసరికి పండుగ గుమ్మంలో ఉంటుంది. ఉద్యోగి జీతం నెల మొదట్లోనే వచ్చినా అద్దెకూ ఫీజులకూ పోగా కొత్తబట్టల లెక్క ఆఖరున మిగులుతుంది. ఇల్లు దులిపి, అరిసెలు వండిన ఇల్లాలికి తీరిక చిక్కేది కూడా పండుగ ముందునాటి సాయంత్రమే. బొమ్మ కింద ఆఖరి నిమిషమని రాసేది చాలా ఇళ్లలో డబ్బూ తీరికా కలిసివచ్చిన మొదటి నిమిషం. ఈ సంగతిని గీతలోకి తెచ్చి కూడా నవ్వించడం కష్టం కనుకనే సంచులు మోసే భర్త ఏటేటా తిరిగి వస్తుంటాడు.

మ్యాచింగ్ సెంటర్, అంటే చీర రంగుకు సరిపడే జాకెట్టు గుడ్డలు అమ్మే దుకాణం, దీనికంటే తేలిక. ట్యూబులైటు కింద రంగు తేలక, చీరను వీధిలోకి తెచ్చి ఎండలో చూడడం అక్కడి పద్ధతి. పండుగ ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఎండ ఉండదు గనుక బొమ్మ దానంతట అదే పూర్తవుతుంది. ఊరికి బయలుదేరే ప్రత్యేక బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకొనే ఆసామిని అందరూ వేస్తారు. ఇంకొకరు వేసినా నష్టం లేదు.

మిగిలినది గడువు. ముద్రణకు వీలుగా సంక్రాంతి బొమ్మలు డిసెంబరులోనే సంపాదకునికి చేరవలసి ఉండగా, ఆలస్యాన్ని ఎగతాళి చేసే బొమ్మే అన్నిటికంటే ఆలస్యంగా చేరడం ఈ వృత్తిలో పరిపాటి. ఫోను చేసిన సంపాదకునికి "ముఖాలన్నీ అయిపోయాయండి, సంచులొక్కటే మిగిలాయి" అని చెప్పడం అభ్యాసకుడు మొదటి ఏడాదిలోనే నేర్చుకోవాలి.

చదువరులలో చేతిలో డబ్బు ముందుగానే ఆడేవారు గుడ్డను డిసెంబరులోనే దర్జీకి ఇవ్వవలసిందిగా మనవి. ఆలస్యంగా రాక తప్పనివారికి పండుగ వారంలో అతని కుట్టుమిషను కొంతైనా ఖాళీగా దొరుకుతుంది.